పప్పు ఉడకని నీళ్ళతో విన్నిపెగ్ దాకా

కెనడా వెళ్ళొచ్చానంటే అందరూ ముందు చలి గురించే అడుగుతారు. చలి సంగతి చెబుతాను గానీ, అంతకంటే ముందు నేను ఎందుకు వెళ్ళానో చెప్పాలి. ఐదో తరగతితో బడి మానేసి ఇరవై ఏళ్ళుగా భోజనం మెస్ నడుపుకుంటున్న ఈ కోటమ్మను ఒక విదేశీ కంపెనీ టికెట్టు పెట్టి పిలిపించిందంటే మా ఆడపడుచు ఇప్పటికీ నమ్మదు.

మా ఊరు నల్లరాళ్ళపాలెం, ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతం. తొమ్మిదేళ్ళ కిందట ఊరికి పడమటి పొలాలను పారిశ్రామికవాడ కోసం తీసుకున్నారు. పెద్ద గేటు కట్టారు. గేటుకి నీలం రంగు వేశారు. లోపల రోడ్లు వేసి వీధిదీపాలు పెట్టారు. కంపెనీలు రాలేదు, సర్కారు తుమ్మ వచ్చింది. మూడు వందల ఉద్యోగాలు వస్తాయన్న మాట నమ్మి నేను బస్టాండులో ఉన్న మెస్ ఎత్తేసి గేటుకి ఎదురుగా పెట్టాను. మా చిన్నమ్మాయి పద్మ కూడా ఆ మాట నమ్మే ఐటీఐలో ఫిట్టర్ చదివింది. ఆ క్లాసులో ఆడపిల్ల అదొక్కతే. చదువయ్యాక అది చేస్తున్న పని, రోజూ తెల్లారి నాలుగింటికి పదకొండు మంది ఆడవాళ్ళతో కలిసి ఒకే ఆటోలో కూరుకుని రెండు గంటల దూరంలోని రొయ్యల షెడ్డుకి పోవడం. అక్కడ ఐసులో చేతులు పెట్టి సాయంత్రం దాకా రొయ్యల తలలు తీస్తారు. మెస్ సాగనప్పుడు నేనూ కొన్నాళ్ళు చేశాను. ఇంటికొచ్చాక అన్నం ముద్ద వేడిగా ఉందో చల్లగా ఉందో వేళ్ళకి తెలియదు.

అలాంటి సమయంలో కెనడాలోని విన్నిపెగ్ నుంచి ఒక కంపెనీ మా గేటు చూడటానికి వచ్చింది. పేరు రాయొద్దని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు కాబట్టి హీటర్ల కంపెనీ అనే అంటాను. అక్కడి చలికి కార్ల ఇంజన్లు గడ్డకట్టకుండా వెచ్చగా ఉంచే చిన్న హీటరొకటి ఉంటుందట. ఎండాకాలం తారు కరిగి చెప్పులకి అంటుకునే మా ఊళ్ళో దాన్ని తయారుచేయాలని వాళ్ళ ఆలోచన. చివరికి రెండు ఊళ్ళు మిగిలాయి. ఒకటి మాది, ఇంకొకటి నెల్లూరు వైపు సముద్రం పక్కనున్న మొగలూరు. రెండింటికీ మార్కులు సరిసమానం. తేల్చుకోలేక, ఊరికొకరిని పిలిపించి వాళ్ళ నోటే విందామన్నారు. నేను పంచాయతీ మెంబర్ని, మా మెంబర్లలో పాస్‌పోర్టు ఉన్నది నాకే. రెండేళ్ళ కిందట కువైట్‌కి వంటపనికి పోదామని తీయించుకుని, పోలేక బీరువాలో పెట్టిన పాస్‌పోర్టు అది.

టొరంటో విమానాశ్రయం

మొగలూరు తరఫున వచ్చింది మాజీ సర్పంచ్ రమణయ్య గారు. అరవై దాటిన మనిషి. చెన్నై ఎండలోనే మంకీ క్యాప్ పెట్టుకుని విమానం ఎక్కారు. పక్కపక్క సీట్లే ఇచ్చారు గానీ ఇద్దరం పోటీదారులం కదా, మాటల్లేవు. అంత ప్రయాణంలో ఆయన నన్ను అడిగింది ఒకే ప్రశ్న.

"మీ గేటుకి వాచ్‌మన్ ఉండాడా?"

"ఉన్నాడండి."

"మాకు ఇద్దరు," అని కళ్ళు మూసుకున్నారు.

టొరంటోలో దిగాక సామాను తనిఖీ చేసే బల్ల దగ్గర తలపాగా పెట్టుకున్న సర్దార్జీ ఆఫీసరు నా పెట్టె తెరిపించాడు. చీరల మధ్యలో రెండు లీటర్ల సీసా. ఏమిటిదని హిందీలో అడిగాడు. నాకు హిందీ అర్థమవుతుంది, నోరు తిరగదు. "పానీ," అన్నాను. ఊరు మారితే మొదటి మూడు రోజులు గ్లాసులో ఇంటి బోరు నీళ్ళు గుక్కెడు కలుపుకుని తాగడం మా అమ్మ నేర్పిన అలవాటు. అలా తాగకపోతే నాకు గొంతు పట్టేస్తుంది. కువైట్‌కని కొన్న నీళ్ళ సీసా ఖాళీగా ఉండిపోయిందని బాధపడ్డ మనిషిని, కెనడాకి తేకుండా ఎలా ఉంటాను?

ఆఫీసరు సీసాను వెలుతురుకి ఎత్తి చూశాడు. "అమ్మా, కెనడాలో నీళ్ళున్నాయి. ప్రపంచంలో ఎవరికీ లేనన్ని ఉన్నాయి," అన్నాడు. ఆ తర్వాత పక్క బల్ల మీద రమణయ్య గారి పెట్టె తెరిచారు. లుంగీలో చుట్టి, పైన తాడు కట్టి, ఆయనా ఒక నీళ్ళ సీసా తెచ్చారు. ఆఫీసరు రెండు సీసాలనూ పక్కపక్కన నిలబెట్టి మా ఇద్దరి మొహాలూ చూసి, "ఒకే కుటుంబమా?" అన్నాడు.

"కాదు," అన్నాం ఇద్దరం ఒకేసారి. ఆ ప్రయాణంలో మేము ఏకాభిప్రాయానికి రావడం అదే మొదటిసారి.

మిస్సిసాగా

బయట మా కోసం స్వప్న నిలబడి ఉంది. కరీంనగర్ అమ్మాయి, ఆ హీటర్ల కంపెనీలోనే సాఫ్ట్‌వేర్ పని. మాట అటూ ఇటూ చేర్చడానికి కంపెనీ తననే పంపింది. నాకు వెంటనే ఒక కోటూ బూట్లూ తొడిగి కారెక్కించింది.

"సీట్ బెల్ట్ పెట్టుకోండి ఆంటీ. ఫోర్ నాట్ వన్ హైవే మీద ట్రాఫిక్ జామ్ అయిందంటే ఇగ అంతే, రెండు గంటలు కూసునుడే."

ఆ రోడ్డు మీద లారీలు వరసగా పోతున్నాయి. ఒక్కరూ హారన్ కొట్టరు. పొరపాటున ఒకడు కొట్టాడు, అందరూ వాడి వైపు జాలిగా చూశారు. దారిలో మనవాళ్ళ హోటల్లో ప్లేటు ఇడ్లీ పన్నెండు డాలర్లు. ప్లేటుకి మూడు. వేలితో నొక్కి చూశాను, రవ్వ ముతక. చట్నీలో కొబ్బరి కంటే భయం ఎక్కువ ఉంది, కారం వేయడానికి భయం. మెస్ నడిపే మనిషికి ఇంకొకరి ఇడ్లీ తినడం పరీక్ష దిద్దడం లాంటిది. నోరు మూసుకుని తిన్నాను.

మమ్మల్ని తీసుకెళ్ళింది ఊళ్ళ మధ్య తేడాలు లెక్కగట్టే ఆఫీసుకి. కంపెనీలు ఏ దేశంలో, ఏ మూల ఫ్యాక్టరీ పెట్టాలో చెప్పడమే వాళ్ళ వ్యాపారం. అక్కడ బ్రెంట్ అనే సన్నటి మనిషి గోడ మీద పెద్ద పట్టిక చూపించాడు. అరవై నాలుగు గడులు. కరెంటు, రోడ్డు, రేవుకి దూరం, జీతాలు, సమ్మెలు, పాములు. ప్రతి గడిలో మా రెండు ఊళ్ళకీ మార్కులు.

పచ్చదనంలో మాకు సగం మార్కే వచ్చింది. కారణం కూడా ఫోటోతో సహా పెట్టారు. కంపెనీవాళ్ళు చూడటానికి వచ్చిన రోజు మా అధికారులు రోడ్డుకి రెండు వైపులా వేప కొమ్మలు నరికి తెచ్చి మొక్కల్లా పాతారు. ఫోటోలో మా మేక ఒక మొక్కను వేర్లతో, అంటే వేర్లు లేకుండా, పీకి నోట్లో పెట్టుకుని కెమెరా వైపు చూస్తోంది.

ఇంకో గడిలో విదేశీ మేనేజర్లకు సాయంకాలం కాలక్షేపం ఏముందని ఉంది. మాకు సున్న. మొగలూరుకి ఒకటి.

"ఆ ఒకటి దేనికి?" అన్నాను.

"సముద్రం ఉంది కదమ్మా," అన్నారు రమణయ్య గారు, తన తాతగారు తవ్వించినట్టు.

నీళ్ళ గడిలో ఏం రాశారని అడిగాను. రెండు ఊళ్ళకీ 'ఉన్నాయి' అని టిక్కు పెట్టి ఉంది. అంతే. నేను పక్క గడి వైపు జరిగాను.

చిట్టచివరి గడి అన్నింటికంటే బరువైనదట. చుట్టుపక్కల ఇప్పటికే ఎన్ని విదేశీ కంపెనీలు ఉన్నాయన్నది. ఇద్దరికీ సున్న. ఎవరూ లేని చోటికి ఎవరూ రారని, పక్కన ఇంకొకడుంటేనే ధైర్యమని, విడిభాగాలు చేసేవాళ్ళూ పని తెలిసినవాళ్ళూ అక్కడే దొరుకుతారని బ్రెంట్ వివరంగా చెప్పాడు.

"మరి మొట్టమొదటివాడు ఎట్లా వస్తాడంట?" అని అడగమన్నాను స్వప్నని.

బ్రెంట్ పట్టికను పైనుంచి కింది దాకా వెతికి, "దానికి గడి లేదు," అన్నాడు.

వాటర్లూ

దానికి జవాబు వాటర్లూలో ఉన్న ప్రొఫెసరమ్మ చెబుతుందని మర్నాడు అక్కడికి తీసుకెళ్ళారు. ఎలిజబెత్ అని పేరు, ఆ కంపెనీకి సలహాలిస్తుంది. వాటర్లూ చదువుల ఊరు. బస్సు దిగే ప్రతి పిల్లా పిల్లాడూ డ్రైవరుకి థాంక్యూ చెప్పి దిగుతారు. మా ఊళ్ళో చిల్లర ఇవ్వలేదని కండక్టరుని తిట్టి దిగుతాం. ఒక వీధిలో గాజు మేడలూ కంప్యూటర్ కంపెనీలూ ఉంటే, ఊరి బయట రోడ్డు మీద నల్ల బట్టలు, నల్ల టోపీ పెట్టుకున్న ఒకాయన గుర్రబ్బండి తోలుకుంటూ పోతున్నాడు. మోటారు బండ్లు వద్దనుకుని బతికేవాళ్ళట. నాకు కెనడాలో మొదటిసారి తెలిసినవాళ్ళు కనిపించినట్టు అనిపించింది.

ప్రొఫెసరమ్మ గోడ మీద మన దేశం పటం. పటం నిండా ఎర్ర తల గుండుసూదులు. ఒక్కో సూది ఒక్కో విదేశీ కంపెనీ. కొన్ని ఊళ్ళ మీద సూది గుచ్చడానికి చోటు లేదు, పక్క జిల్లాలు బోడిగా ఉన్నాయి. మా జిల్లా మీద ఒక్క రంధ్రం ఉంది. వచ్చి పోయిన సూది.

"ఇట్లా ఒకే చోట ఎందుకు గుమిగూడతాయో ముప్పై ఏళ్ళుగా చదువుతోందట," అంది స్వప్న.

నాకు గుర్రబ్బండి చక్రాలు ఇంకా కళ్ళలో తిరుగుతున్నాయి. నేను చెప్పాను. మా బస్టాండుకి రెండు దార్లు. తూర్పు దారిలో ఏడు ఇడ్లీ బళ్ళుంటాయి. పడమటి దారిలో ఒక్కటీ ఉండదు. నీడా, నీళ్ళ కుళాయీ పడమటి దారిలోనే ఉన్నాయి. ఏడుగురూ ఒకచోటే ఎందుకంటే, జనం అక్కడికే వస్తారు కాబట్టి. జనం అక్కడికే ఎందుకంటే, ఏడు బళ్ళున్నాయి కాబట్టి.

"మొదటి బండి?" అంది ఆవిడ ముందుకు వంగి.

"మొదటి బండి సుబ్బారావుది. పడమటి దారికి తోసుకుపోతుంటే తూర్పు దారిలోనే చక్రం విరిగింది. పిండి పులుస్తోందని అక్కడే పొయ్యి వెలిగించాడు."

స్వప్న నవ్వు ఆపుకుంటూ ఇంగ్లీషులో చెప్పింది. ప్రొఫెసరమ్మ నవ్వలేదు. పెన్ను తీసి రాసుకుంది. ఇంకోసారి చెప్పించుకుని సుబ్బారావు పేరుకి స్పెల్లింగు కూడా అడిగింది.

ఆ ఊళ్ళో మేం దిగింది హెలెన్ అనే పెద్దావిడ ఇంట్లో. ఆవిడ ఉప్పు మూటలు ఒక్కొక్కటీ మోసుకుంటూ నేలమాళిగ మెట్లు దిగుతుంటే చూడలేక నేనూ ఒకటి ఎత్తుకున్నాను. ఊరగాయ ఇంత ఎక్కడ పెడుతుందా అనుకున్నాను. కింద పీపా లాంటి మిషను ఉంది. ఉప్పంతా అందులో పోసింది. వాటర్లూ నీళ్ళు రాతి నీళ్ళట, కెటిల్ అడుగున తెల్లగా పెచ్చు కడతాయట, ఇంటింటికీ ఈ ఉప్పు మిషను పెట్టుకుని నీళ్ళను మెత్తన చేసుకుంటారట. ఆ పెచ్చును నేను ఇరవై ఏళ్ళుగా గిన్నెల నుంచి గీకుతున్నాను.

విన్నిపెగ్, మొదటి రోజు

ఇప్పుడు చలి. విన్నిపెగ్‌లో విమానం దిగి బయటికొచ్చి ఒక్కసారి గాలి పీల్చగానే ముక్కులో వెంట్రుకలు పుల్లల్లా నిలబడ్డాయి. కనురెప్ప వేస్తే పైదీ కిందిదీ అతుక్కుంటాయి. కుక్కలకి బూట్లు వేస్తారు, నాలుగు కాళ్ళకీ. నది గడ్డకడితే దాని మీద జనం షికారు చేస్తున్నారు. ఒకావిడ అక్కడ నడుస్తూ, "ఈ రోజు కాస్త నయం," అని మాతో అంది. పార్కింగులో ప్రతి కారు మూతికీ ఒక తీగ, తీగ చివర స్తంభానికి ప్లగ్గు. పాలు తాగుతున్న దూడల్లా కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఆ హీటర్లే మా ఊళ్ళో చేస్తామన్నవి.

హోటల్ ఎందుకని స్వప్న తన ఇంటికే తీసుకెళ్ళింది. వాళ్ళాయన వేరే ఊళ్ళో ప్రాజెక్టు మీద ఉన్నాడు. ఇన్నాళ్ళూ పక్కింటివాళ్ళ దగ్గరున్న ఏడేళ్ళ కూతురు ఆద్య వచ్చింది, మనం తెలుగులో అడిగితే అది ఇంగ్లీషులో చెబుతుంది, ఇద్దరికీ ఇబ్బంది లేదు. నేను స్నానం చేసి, చీర ఉతికి, ఎండ బాగా కాస్తోంది కదా అని పెరట్లో తీగ మీద ఆరేశాను. పావుగంటకి వెళ్ళి చూస్తే చీర తలుపులా నిలబడి ఉంది. మడిస్తే విరుగుతుందేమోనని భయం. రమణయ్య గారు తలవైపు, నేను కాళ్ళవైపు పట్టుకుని అడ్డంగా లోపలికి మోసుకొచ్చాం. ఆద్య వేలితో కొట్టి చూసి "కూల్" అంది.

"సొరకాయ పందిరికి పనికొస్తది," అన్నారు రమణయ్య గారు. ఆయన పట్ల నాకున్న పోటీ అక్కడ కొంచెం మెత్తబడింది.

సాయంత్రం వంట నేనే చేస్తానన్నాను. స్వప్న కందిపప్పు తీసిచ్చి కుక్కర్ కోసం వెతుకుతుండగా, ఈలోపు మరగనిద్దామని మామూలు గిన్నెలో పప్పు పోసి కుళాయి నీళ్ళు పట్టి పొయ్యి మీద పెట్టాను. కుక్కర్ దొరికేసరికి అరగంట పట్టింది, ఆలోపే పప్పు ఉడికిపోయింది. గరిటె తగిలితే విడిపోయింది. కుళాయి నీళ్ళలో పప్పు అట్లా ఉడకడం నేను పెళ్ళయ్యాక చూడలేదు. మా బోరు నీళ్ళలో ఆరు విజిల్స్ వచ్చినా పప్పు పలుకు పలుకుగానే ఉంటుంది. మెస్‌లో పప్పు కోసం క్యాన్ నీళ్ళు కొంటాను. మా వైపు పొలం కొనేవాళ్ళు కూడా ముందు ఆ బోరు నీళ్ళతో పప్పు ఉడికించి చూస్తారు. పప్పు ఉడికితేనే బేరం.

రమణయ్య గారు రెండోసారి పప్పు వేయించుకుని, నిదానంగా అన్నారు.

"అయితే మీ ఊళ్ళో పప్పు ఉడకదన్నమాట."

"ఎవరన్నారు?"

"పప్పు ఉడికిందని ఇంత ముచ్చటపడే మనిషిని నేను చూళ్ళా."

"మీ ఊళ్ళో ఉడుకుద్దా?"

"మా నీళ్ళు అమృతం. మా ఇంట్లో పప్పు వెన్నలాగుంటది."

"ఎన్ని విజిల్స్?"

ఆయన ఆలోచించారు. "అదంతా మా సుశీల చూసుకుంటది."

విన్నిపెగ్, రెండో రోజు

పొద్దున ఫ్యాక్టరీ చూపించారు. తయారైన ప్రతి హీటరునీ నీళ్ళ తొట్లో ముంచి పరీక్ష చేస్తారు. పైకి తీసి ఆరబెట్టాక ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ దాన్ని దీపం కింద తిప్పి చూస్తుంది. తెల్ల చుక్క ఒక్కటి ఉన్నా పక్క డబ్బాలో పడేస్తుంది. చుక్కే కదా అంటే, చుక్క ఉన్నచోట వేడి సరిగా పాకదట, ఏడాదికి కాలిపోతుందట. ఆవిడ చేతులు పొడిగా, వెచ్చగా ఉన్నాయి. పద్మ ఈ బల్ల ముందు కూర్చుంటే ఎలా ఉంటుందో ఒక్క నిమిషం ఊహించుకున్నాను. వెంటనే మా బోరు నీళ్ళు గుర్తొచ్చాయి. ఆ నీళ్ళలో ముంచితే ఒక్క హీటరు కూడా నిలవదు, అన్నీ ఆ పక్క డబ్బాలోకే. తలెత్తి చూస్తే రమణయ్య గారు నన్నే చూస్తున్నారు. ఆయనకీ అర్థమైంది.

పెద్ద గదిలో బల్ల చుట్టూ పది మంది. కంపెనీ పెట్టిన ముసలాయన హెన్రీ, చెవిలో మిషను. ఇప్పుడు నడిపిస్తున్న ఆయన కూతురు మార్గరెట్. పట్టికతో సహా బ్రెంట్. మాకు తలా మూడు నిమిషాలు.

ముందు రమణయ్య గారు. సముద్రం గురించి, రోడ్డు గురించి, ఇద్దరు వాచ్‌మన్ల గురించి చెప్పారు. మార్గరెట్ అడిగింది, ఆ ఊరికంటే మీ ఊరు ఎందులో మెరుగని. ఆయన నా వైపు చూసి, టోపీ సర్దుకున్నారు.

"చెప్పేదానికి ఒకటుండాది. కానీ రాత్రి ఆయమ్మ చేతి అన్నం తిన్నాను. ఆ నోటితో చెప్పలేను. వేరే ఏదైనా అడగండి."

స్వప్న అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. బ్రెంట్ పట్టికలో ఏదో గడి కోసం వెతుక్కున్నాడు.

నా వంతు వచ్చింది. పంచాయతీ కార్యదర్శి రాసిచ్చిన కాగితం చేతిలో ఉంది. మా పక్క మండలంలో విదేశీవాళ్ళ నూలు మిల్లు ఒకటి ఉండేది, ప్రొఫెసరమ్మ పటంలో రంధ్రం దానిదే. నీళ్ళ సంగతి చూసుకోకుండా వచ్చింది, రెండేళ్ళకే తాళం పడింది. రాని కంపెనీ కోసం ఎదురుచూడొచ్చు. తాళం వేసిన దాని ముందు ఎదురుచూడటానికి కూడా ఏమీ ఉండదు. అక్కడి ఆడపిల్లలు మళ్ళీ రొయ్యల షెడ్డుకి తిరిగొచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. పద్మను ఆ వరసలో నిలబెట్టలేను. కాగితం మడిచి పెట్టేశాను.

"స్వప్నా, చెప్పమ్మా. మా నీళ్ళలో పప్పు ఉడకదు. మీ హీటర్లకి తెల్ల మచ్చలు పడతాయి. అన్నీ తెలిసి వచ్చేట్టయితే రండి."

స్వప్న నా చెవి దగ్గరికి వంగింది. "ఆంటీ, ఇది చెప్తే మీ ఊరికి ఛాన్స్ పోతది."

"చెప్పు."

చెప్పింది. గదిలో ఎవరికీ అర్థం కాలేదు. పప్పు అంటే ఏమిటన్నారు. అది ఉడకకపోతే హీటరుకేమిటన్నారు. మాటలతో లాభం లేదని గిన్నెలు తెప్పించమన్నాను. క్యాంటీను నుంచి మూడు కరెంటు పొయ్యిలు, మూడు గిన్నెలు తెచ్చారు. స్వప్న ఇంటికి పోయి కందిపప్పూ, మా ఇద్దరి సీసాలూ తెచ్చింది, రమణయ్య గారిది ఇంకా మూతే తీయలేదు. ఒక గిన్నెలో విన్నిపెగ్ నీళ్ళు, ఒకదాంట్లో మావి, ఒకదాంట్లో మొగలూరువి. తలా గుప్పెడు పప్పు. కోట్లు వేసుకున్న పది మంది పెద్దమనుషులు ముప్పావుగంట సేపు పప్పు మరగడం చూస్తూ కూర్చున్నారు. ఒకాయన నురగ తీయడం నేర్చుకున్నాడు. బ్రెంట్ అరవై ఐదో గడి గీశాడు.

వేళ్ళతో నలిపి చూడమన్నాను. హెన్రీ మొదటి గిన్నెలోది నలిపాడు, వెన్న. మాది నలిపాడు, చేతికి గుచ్చుకుంది. మూడోది నలిపి, మళ్ళీ నలిపి, స్వప్న వైపు చూశాడు. మొగలూరు పప్పు మా పప్పు కంటే గట్టిగా ఉంది. పైగా ఉప్పు వేయకుండానే ఉప్పగా ఉంది.

"జరగదు," అన్నారు రమణయ్య గారు. "సీసా మారుంటది."

అక్కడే ఫోన్ తీసి ఇంటికి చేశారు. స్పీకర్ ఎలా ఆపాలో ఆయనకి తెలియదు. సుశీల గారి గొంతు గదంతా వినిపించింది.

"ఇప్పుడా? నిద్రపోతా ఉండా. ఏం, పప్పా? ఆ నీళ్ళలో పప్పు ఉడికి పదేళ్ళయింది. రొయ్యల చెరువులు తవ్వినప్పటి నుంచీ ఉప్పు నీళ్ళేగా. క్యాన్ నీళ్ళు పోసి వండతన్నా."

"నాకు చెప్పలేదే?"

"మీరు వంటింట్లోకి ఎప్పుడొచ్చారు, నేను చెప్పేదానికి?"

స్వప్న అది కూడా ఇంగ్లీషులో చెప్పింది. మార్గరెట్ కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. పదేళ్ళు సర్పంచ్‌గా చేసిన మనిషి ఊరి నీళ్ళు ఎలా ఉన్నాయో విన్నిపెగ్‌లో తెలుసుకున్నారు.

బ్రెంట్ కొత్త గడిలో రెండు సున్నలు వేసి, "మళ్ళీ సమానం," అన్నాడు.

నేను హెలెన్ గారి ఉప్పు మిషను గురించి చెప్పాను. అది పెడితే ఏ ఊరైనా పనికొస్తుందన్నాను. హెన్రీ చాలాసేపు పప్పు నలుపుతూ కూర్చుని, ఇన్నాళ్ళూ గడులు చూశాను, ఇక నేనే వచ్చి రెండు ఊళ్ళ నీళ్ళూ కళ్ళతో చూసి చెబుతానన్నాడు. తిరుగు విమానంలో రమణయ్య గారు నాతో పొంగల్ గురించి, ఇడ్లీ గురించి, పప్పులో పసుపు ఎప్పుడు వేయాలన్న దాని గురించి అడుగుతూనే ఉన్నారు.

నల్లరాళ్ళపాలెం

హెన్రీ వస్తున్నాడని మళ్ళీ గేటుకి రంగు వేశారు. ఈసారి వేప కొమ్మలు పాతలేదు, మేకను కట్టేశారు. పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా ఊరంతా గేటు ముందు నిలబడ్డాం. ఆయన రాలేదు. తర్వాత స్వప్న ఫోన్ చేసింది. విమానం ఆలస్యమై మన దేశంలోనే ఒక పెద్ద నగరంలో హోటల్లో ఆగాడట. పొద్దున టిఫిన్ దగ్గర ఒకాయన కలిశాడట. చూస్తే విన్నిపెగ్‌లో వీళ్ళ వీధివాడే, చిన్నప్పుడు ఒకరి వాకిట్లో మంచు ఒకరు ఎత్తేవాళ్ళట. ఆయన అక్కడ ఫ్యాక్టరీ పెట్టుకున్నాడు. నా పక్కనే స్థలం ఉంది, వచ్చెయ్ అన్నాడు. నాలుగు రోజుల్లో సంతకాలు అయిపోయాయి.

"ఆ ఊరు పట్టికలో ఉందా?"

"లేదు ఆంటీ."

"నీళ్ళో?"

"ట్యాంకర్లు కొంటరట."

"వాళ్ళ బండి చక్రం అక్కడ విరిగిందన్నమాట," అన్నాను.

రెండు నెలలకి ఒక లారీ వచ్చింది. ఉప్పు మిషను, హెలెన్ గారింట్లో ఉన్నదానికి పదింతలుంటుంది. మార్గరెట్ పంపింది, మాకొకటి, మొగలూరుకొకటి. బొమ్మల పుస్తకం చూసుకుంటూ మూడు రోజుల్లో పద్మే బిగించింది. ఉప్పు చినగంజాం ఉప్పు మడుల నుంచి వస్తుంది. మిషను చూసుకోవడానికి పంచాయతీ పద్మకి జీతం కట్టింది. మూడు వందల ఉద్యోగాలన్నారు, ఒకటి వచ్చింది. అది మా ఇంటికే వచ్చింది. ఊళ్ళో ఎవరూ నన్నేమీ అనలేదు. కానీ తెల్లారి నాలుగింటికి ఆటో హారన్ వినపడినప్పుడు, అందులో ఇంకా పదకొండు మంది ఉన్నారని తెలిసి, నాకు దుప్పటి తీయబుద్ధి కాదు.

మా మెస్‌లో మాత్రం ఊరి నీళ్ళతోనే పప్పు ఉడుకుతోంది. ఆ రుచికి మొదట ఒక లారీ ఆగింది, తర్వాత వరసగా ఆగుతున్నాయి. లారీలు ఆగుతున్నాయని పంక్చర్ షాపు వచ్చింది. షాపుకి జనం ఉన్నారని టీ బండి, దాని పక్కన ఫోన్లకి రీచార్జి చేసేవాడు. రమణయ్య గారు వారానికోసారి ఫోన్ చేసి ఆ రోజు పప్పు తానే వండానని చెబుతారు. విజిల్స్ లెక్క కూడా చెబుతారు.

పోయిన వారం ఒక తెల్ల కారు ఆగింది. చేతిలో పలకలాంటి కంప్యూటర్లతో ఇద్దరు దిగారు. కంపెనీకి స్థలం చూడటానికి ఎక్కడికో పోతున్నవాళ్ళు, జనాన్ని చూసి ఆగారట.

"ఇంత రద్దీగా ఉందేంటమ్మా? లోపల ఏం కంపెనీ ఉంది?"

గేటు వైపు చూశాను. లోపల తుమ్మ పూసింది. "ముందు కూర్చోండి, ఆకులు వేస్తాను," అన్నాను.

వాళ్ళు చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. పద్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది. చేతిలో స్పానర్. చూపు వాళ్ళ కారు చక్రాల మీద ఉంది. సుబ్బారావు కథ దానికి నేనే చెప్పాను.

"వద్దులే," అన్నాను. "ముందు పప్పు వడ్డించి చూద్దాం."